చానా నయంగా ఉందన్నారు

ఏవండీ, అన్నం, పప్పు గట్టు మీద పెట్టాను, తినండి. ఈరోజు మిరపకాయల కొట్టు తెరవొద్దు. తాళం నా దగ్గరే ఉంది. ఆయాసం వస్తే వెంటనే పక్కింటి సందీప్‌ని పిలవండి.

పొద్దున కొట్లో గోతాల వెనక మీరు వాడి పడేసిన ఇన్‌హేలర్లు చూశాను. నేనెప్పుడడిగినా "చానా నయంగా ఉందే" అన్నారు. నరసరావుపేట డాక్టరు అడిగితే నేనూ అదే చెప్పాను. ఆయన నా మాట నమ్మి మందు తగ్గించాడు. మీ అబద్ధం నా చేత చెప్పించారు.

మీరు పక్కనుంటే మళ్ళీ బాగానే ఉందంటారు. అందుకే డాక్టరుకి నిజం చెప్పడానికి ఒక్కదాన్నే వెళ్తున్నాను.

కృష్ణకుమారి

మీకు తగ్గిందని మొన్న చెన్నకేశవుడికి మొక్కు తీర్చుకున్నాను. మీరూ నా పక్కనే నిలబడి దండం పెట్టారు.