అది మొక్కు కాదక్కా

చీడికాడ దగ్గర, బెల్లం వండే పాక నుంచి.

అక్కకి, చిన్న తమ్ముడు నూకరాజు రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? చేపల గంప నెత్తిన పెట్టుకుని ఇంకా అనకాపల్లి బస్సు ఎక్కుతోందా? వద్దన్నా వినదని తెలుసు. వదిన పైడమ్మ ఎలా ఉంది? నా గురించి మాత్రం బెంగ పెట్టుకోకండి. నేను బాగానే ఉన్నాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతావు, వీధంతా వింటుంది. అమ్మ నీ చేతిలోంచి లాక్కుంటుంది. అమ్మ గొంతు వింటే నేను మళ్ళీ అబద్ధమే చెబుతాను. అందుకని కాగితం తీశాను. బావకి కూడా ఇప్పుడే చూపించకు.

ఇక్కడ చలి ఎక్కువ. పొద్దున్న మంచులో చెరకు తోట కూడా కనబడదు. సముద్రం హోరు లేక చెవులు మూసుకుపోయినట్టుంటుంది, అదే నాకు కావాల్సింది. చెరకు గానుగలో పెట్టడం, పిప్పి ఎండబెట్టి పొయ్యిలోకి ఎగదొయ్యడం నా పని. పెనంలో పాకం కలిపేది అప్పన్న మామ. వేడికి మొహం మాడిపోతుంది, వీపు మాత్రం చలికి వణుకుతుంది. తిండికి లోటు లేదు. పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం అన్నం, పప్పు, వంకాయ కూర. ఎవరైనా ఇటు వస్తుంటే నా పాత దుప్పటి పంపించు.

రైతు అప్పలనాయుడు గారు మంచివారే. ఎవరో గురువు దగ్గర మాల వేసుకుని నీచు మానేశారట. పాకలో చేప కూడా వండనివ్వరు. పనివాళ్ళంతా గొణుక్కుంటారు, నేను ఒక్కణ్ణే గొణగను. అది చూసి ఆయన నన్ను దగ్గరికి తీశారు. పండగనాడు దేవుడి గదిలో దీపం కూడా నన్నే వెలిగించమన్నారు.

"నూకరాజూ, నీది ఏ సామిరా?" అని అడిగారు.

"ఏ సామీ లేడండి."

"మరి నీసెందుకు ముట్టవు? సేపలోళ్ళ పిల్లడివి."

"తినబుద్ధి అవ్వదండి."

"దేవుడి మీద బయ్యం లేనోడు నోరు కట్టుకోడ్రా. నాకు సెప్పకు" అని నవ్వి, అగ్గిపెట్టె నా చేతిలో పెట్టారు. ఆయన్ని నొప్పించడం ఇష్టం లేక వెలిగించాను. దండం మాత్రం పెట్టలేదు. ఆయన అది చూశారు. ఆ రోజు నుంచి నన్ను చూసే చూపు కొంచెం మారింది.

అప్పన్న మామది ఇంకో తరహా. సోమవారం శివుడు, శనివారం వెంకన్న, మిగిలిన రోజులు కోడి. ఒకరోజు అన్నాల దగ్గర నన్ను ఆట పట్టించాడు. "నానైతే వారానికి రెండ్రోజులు దేవుడికిత్తాను, అయిదు రోజులు నాయి. నువ్వు ఏడూ ఇచ్చేసేవు కదరా! అంత పాపం ఏటి సేసేవు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను అక్కా. కంచం సగంలో వదిలేసి లేచాను. పిప్పి కుప్ప వెనక్కి పోయి కూర్చున్నాను.

కూర్చుని ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. వీళ్ళ నోరు కట్టింది దేవుడు. అందుకని విప్పడానికి కూడా దేవుడున్నాడు. కార్తీకం వెళ్ళిపోతుంది, మాల తీసేస్తారు, శనివారం పోయి ఆదివారం వస్తుంది. నాకు కట్టినవాడు ఎవడూ లేడు, విప్పేవాడూ లేడు.

మొన్న నువ్వు ఫోన్లో చెప్పిన మాట దగ్గరికి వస్తాను. వదిన వాళ్ళ నాన్న వచ్చి, అల్లుడు సముద్రంలో పోయి మూడేళ్ళు అయింది, ఇంక తాతారావుకి కర్మ చేసేయండి, నా కూతుర్ని నేను తీసుకుపోతాను, దానికి పాతికేళ్ళు కూడా లేవు అన్నాడని చెప్పావు. అమ్మ గుమ్మానికి అడ్డం కూర్చుందని చెప్పావు. అమ్మ అన్న మాట కూడా నువ్వు పొల్లు పోకుండా చెప్పావు. "నా సిన్నోడు నోరు కట్టుకుని మొక్కులో ఉన్నాడు. అన్న బతికున్నాడని ఆడికి తెలీకపోతే మూడేళ్ళు అలాగుంటాడా? ఇప్పుడు కర్మ సేత్తే, రేపు నా కొడుకొచ్చి, అమ్మా నన్ను బతికుండగానే సంపేసేవా అంటే నానేటి సెప్పాలి?" ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు.

అక్కా, నేను ఏ దేవుడికీ మొక్కలేదు. అన్నయ్య బతికిలేడు. నేను చూశాను.

ఆ రోజు బోటులో ఉన్నది మేమిద్దరమే కదా. పొద్దెక్కింది. వల నిండా పడింది, లాగుతున్నాం. పక్క నుంచి కెరటం కొట్టి బోటు బోర్లా పడింది. నేను ఒక చేత్తో బోటు అంచు పట్టుకున్నాను, రెండో చేత్తో అన్నయ్య మణికట్టు పట్టుకున్నాను. వాడి కాళ్ళకి వల చుట్టుకుంది. కోద్దామంటే బోటు బోర్లా పడినప్పుడే కత్తి నీళ్ళలో పోయింది. వలలో చేప బరువు వాణ్ణి కిందికి లాగుతోంది, వాడితోపాటు నేనూ మునుగుతున్నాను. "ఒరే నూకా, ఒదలకురా" అన్నాడు. నేను గంగమ్మ తల్లిని పిలిచాను, నూకాలమ్మని పిలిచాను, పేరు తెలిసిన ప్రతి దేవుణ్ణీ పిలిచాను. తర్వాత చెయ్యి వదిలేశాను. జారిపోలేదక్కా, వదిలేశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. వలలో చేపలు కొట్టుకుంటున్నాయి, వాటి మధ్యన అన్నయ్య. ఎంత లోతుకి పోయినా కనబడుతూనే ఉన్నాడు.

పక్క ఊరి బోటువాళ్ళు నన్ను ఒడ్డున పడేస్తే, అమ్మ వచ్చి చొక్కా పట్టుకుంది. "అన్నని సూసేవా?" అంది. "సూళ్ళేదమ్మా" అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. "ఇంకో బోటోళ్ళు ఎక్కించుకుని ఉంటారమ్మా" అని కూడా అన్నాను. అమ్మ ఏడుపు ఆగింది. ఆ ఏడుపు ఆగినందుకు అప్పుడు సంతోషించాను కూడా.

మూడో రోజు నువ్వే నెత్తళ్ళ పులుసు వండి వడ్డించావు, గుర్తుందా? ఆ కంచం చూడగానే నాకు ఆ వల కనబడింది. తోసేశాను. "మొక్కుకున్నావా నాయినా?" అని అమ్మ అడిగింది. నేను తల దించుకున్నాను. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. తెల్లారి నుంచి అమ్మ కూడా చేప మానేసింది. చేపలు అమ్మి వచ్చి చింతపండు చారుతో తింటున్న ముసలిదాన్ని చూడలేక నేను ఊరు వదిలి వచ్చాను. పని కోసం వచ్చానని మీకు చెప్పాను. అది కూడా అబద్ధమే.

ఊళ్ళో నన్ను భక్తుడంటారు. ఇక్కడా అదే అంటారు. నాకు భక్తీ లేదు, జీవాల మీద జాలీ లేదు. ఎవరైనా తింటుంటే తప్పనిపించదు. చేప కనబడితే అన్నయ్య కనబడతాడు, అంతే. మాంసం కూడా ఆ గొంతులోంచే దిగాలి కదా, అదీ దిగదు.

నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. ఈ ఉత్తరం ముందు వదినకి చదివి వినిపించు, అమ్మకంటే ముందు. మూడేళ్ళు బొట్టు పెట్టుకుని గుమ్మం వైపు చూసింది తనే. నన్ను తిడితే తిట్టనీ, అడ్డు చెప్పకు. తర్వాత అమ్మకి చెప్పు. ఒంటరిగా ఉన్నప్పుడు వద్దు, నువ్వు పక్కన కూర్చుని చెప్పు. పంతులు గారిని అడిగి రోజు పెట్టించు. శవం లేకపోయినా పిండి బొమ్మ చేసి కర్మ చేస్తారు కదా. తమ్ముణ్ణి, అది నేనే చెయ్యాలి. వస్తాను. నా మొహం చూడనని అమ్మ అంటే, సముద్రం ఒడ్డునే పని ముగించుకుని వెళ్ళిపోతాను.

దినం అయిన మర్నాడు చేప వండి అందరూ మళ్ళీ నీచు కలుపుకుంటారు కదా. ఆ రోజు అమ్మకి చేప తినిపించు. దాని నోరు కట్టింది నా అబద్ధమే, విప్పాల్సిందీ నేనే. నన్ను మాత్రం తినమని అడగవద్దు. తీరడానికి నాది మొక్కు కాదు.

బావకి నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. అమ్మ పాదాలకి దండం పెట్టానని రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. పెద్దదానివి, వీలైతే దీవించు.

ఇక నీకు మిగిలిన ఒక్క తమ్ముడు,
నూకరాజు