మోటర్‌హోమ్ గోడ తట్టినప్పుడు

మేసా, అరిజోనా

అన్నయ్యా,

నేను కొనుక్కుని అందులోనే ఉందామనుకున్న, చక్రాల మీద ఇల్లులాంటి ఆ పాత మోటర్‌హోమ్‌ని నువ్వు చెప్పినట్టే తట్టి చూశాను. వానచెమ్మ పట్టిన గోడ వేలికి మెత్తగా తగులుతుందన్నావు. ఎక్కడా తగల్లేదు. పడకగది తలుపు మాత్రం దాన్ని అమ్ముతున్న వెర్నన్ తాత తీయలేదు. "సామాన్లున్నాయమ్మా. మా ఆవిడ కూతురి దగ్గరికి వెళ్లింది," అన్నాడు. సరేనని ఆ గోడను ఇవతలి నుంచే తట్టాను.

అవతలి నుంచి ఎవరో తిరిగి తట్టారు!

తలుపు తోసేశాను. మంచం మీద ఆయన భార్య లోర్నా, పక్కన ఆక్సిజన్ సిలిండర్.

"ఎవరమ్మాయ్ నువ్వు? కొనేదానిలా గోడలు తడుతున్నావేంటి?"

ఆవిడ మొగుడి వైపు తిరిగి నవ్వింది. "ఏమయ్యా, నన్ను కూడా బండితోపాటే అమ్మేస్తున్నావా?"

ఆయన నవ్వలేదు. "పదేళ్లు దాటిన బండ్లను ఇక ఈ బండ్ల పార్కులో అద్దెకు నిలుపుకోనివ్వరట, లోర్నా. నీకు వృద్ధాశ్రమంలో మంచం మాట్లాడాను."

"మరి నీకో?"

ఆయన కిటికీలోంచి బయటున్న తన కారు వైపు చూశాడు. దాని వెనక సీట్లో దిండు, దుప్పటి ఉన్నాయి.

అన్నయ్యా, పాత బండ్లను ఉండనిచ్చే పార్కు మీ ఊళ్లో ఉందేమో వెంటనే కనుక్కో. నాకోసం కాదు.

నీ చెల్లెలు