నిద్రగన్నేరు కింద ఇచ్చిన మాట

ఏవండీ,

బాగున్నారా? మీరు వెళ్ళి ఏడాది దాటింది. మళ్ళీ ముసురు పట్టింది, అదీ వెలిసింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నేను కాస్త ఒళ్ళు చేశాను కూడా. మీరుంటే ఏమనేవారో నాకు తెలుసు... అనకండి.

ముందు మీ సామాను సంగతి చెబుతాను, లేకపోతే మీకు మనసు నిలవదు. గొడ్డళ్ళకి నూనె రాసి అటక మీద పెట్టాను. పెద్ద రంపం ఏసోబు దగ్గరుంది. ఇన్నేళ్ళూ మీతో చెట్లెక్కినవాడు కదా, వాడికి కాక ఇంకెవరికిస్తాను? కొమ్మలు దించే మీ మోకు తాడు మాత్రం ఎవ్వరికీ ఇవ్వలేదు. చుట్ట చుట్టి మంచం కింద పెట్టుకున్నాను. పక్కింటి పిల్లి దాని మీదే పడుకుంటోంది. సైకిలు కూడా ఏసోబుకే ఇచ్చాను. మీరుండగా దాన్ని ఎవర్నీ ముట్టనిచ్చేవారు కాదు. ఇప్పుడు దాని హ్యాండిలుకి ప్లాస్టిక్ పూలు కట్టాడు. చూస్తే మీకు కళ్ళు తిరుగుతాయి.

మీరు పోయిన కొత్తలో మా అన్నయ్య పామర్రు నుంచి వచ్చాడు. ఇంక నీకు చెట్టూ వద్దు చేమా వద్దు, మూట కట్టుకుని మా ఇంటికి వచ్చెయ్ అన్నాడు. ఎండలు తగ్గాక వస్తాలే అన్నాను. అప్పటికి నాకు దేని మీదా ధ్యాస లేదు. ఏసోబు ఒక్కడే కొబ్బరిచెట్ల మట్టలు కొట్టుకుంటూ నెట్టుకొచ్చాడు. నేను పొద్దుగూకేసరికి మీ ఫొటో ముందు కూర్చునేదాన్ని. నన్నెప్పుడు తీసుకెళతారండీ అని అడిగేదాన్ని. మీకు వినపడేదా? వినపడే ఊరుకున్నారా?

అంతంత ఎత్తున తిరిగారే, ఒక్క చెట్టయినా మిమ్మల్ని కింద పడెయ్యలేదు. పచ్చకామెర్లు పడేశాయి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద కోపమో తెలియదు. మీ మీదే అనుకోండి.

సరే, అసలు సంగతికి వస్తాను.

వేసవిలో ఒకరోజు ఏసోబు కబురు తెచ్చాడు. గవర్నర్‌పేటలో మనం తాళ్ళు కొనే కొట్లో ఎవరో చెప్పి వెళ్ళారట, మనతో పనున్నవాళ్ళంతా చేసినట్టే. పటమట పౌలు మేష్టారు రమ్మంటున్నారని.

మర్చిపోయారేమో, గుర్తు చేస్తాను. అక్కడ పొలాలు ప్లాట్లు చేసిన కొత్తలో, చుట్టూ ఇంకా వరిమళ్ళు ఉండగానే ఇల్లు కట్టుకున్న రిటైరైన లెక్కల మేష్టారు. ఇంటి ముందు పెద్ద నిద్రగన్నేరు. మీరు బాగున్నప్పుడు ఓసారి, గోడ బీట తీసింది, చెట్టు కొట్టెయ్యమని మిమ్మల్ని పిలిచారు. మీరు కొట్టనన్నారు. నేను క్యారియరు పట్టుకుని గేటు దగ్గర నిలబడి అంతా విన్నాను.

"ఇది నల్లరేగడండీ మేష్టారూ. ఎండలకి ఎండి నెర్రెలిస్తది, వానలకి తాగి పొంగుద్ది. ఇంత చెట్టుని ఒక్కసారే కొట్టేశారనుకోండి, అది తాగే నీళ్ళు కూడా ఈ నేలే తాగి మీ గచ్చుని పూరీలాగా లేపుద్ది" అన్నారు. కంకిపాడులో ఎవరో అలాగే కొట్టించుకుని, మరుసటి వానలకి వరండాలో కుర్చీ నిలవక అవస్థ పడ్డారని కూడా చెప్పారు. అంతటితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. గొప్పగా గుండె మీద చెయ్యేసుకుని, "నేనున్నంతకాలం ఈ చెట్టు మీ ఇంటి మీద పడదండీ" అని మాటిచ్చి వచ్చారు.

నేనున్నంతకాలం!

ఆయన లెక్కల మేష్టారాయె. నేను వెళితే, గేటు తీస్తూనే, "ఏమ్మా, ఆయనున్నంతకాలం అన్నాడు. ఇప్పుడాయన లేడు. మరి చెట్టు సంగతేంటి?" అని అడిగారు. వెటకారం లేదు, విసుగూ లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

తలెత్తి చూశాను. మీరుండగా నిటారుగా ఉన్న చెట్టు ఇంటివైపు ఒరిగింది. పెద్దకొమ్మ వంటింటి పెంకుల మీదికి వచ్చేసింది. వేరే ముఠావాళ్ళు చూసి, ఒక్క రోజులో మొదలంటా లేపేస్తామన్నారట. మేష్టారు వాళ్ళని రమ్మనలేదు, వద్దనలేదు. మన మాట కోసం ఆగారు.

చెట్టు పడితే లోపల పెద్దవాళ్ళిద్దరున్నారు. ఆయన, ఆయన భార్య మరియమ్మగారు. పోనీ కొట్టించేస్తే గచ్చు లేస్తుంది. ఏది జరిగినా మీ మాట పోతుంది. మనిషి పోయాక మిగిలింది ఆ మాటొక్కటే... అది కూడా పోతే నాకింకేం మిగులుతుంది, చెప్పండి?

ఆలోచించి చెబుతానన్నాను. నా మొహం, ఏం తెలుసని ఆలోచిస్తాను? మీరు కొమ్మ మీదుంటే కింద మోకు చివర పట్టుకోవడమేగా నేను చేసింది. మనిషి తక్కువైనప్పుడల్లా "సరోజా, ఓ పట్టు పట్టు" అని పిలిచేవారు. క్యారియరు పక్కన పెట్టి కొంగు దోపుకుని వచ్చేదాన్ని.

ఏం చెయ్యాలో తోచక, మీరు ముందుగా చేసే పనే చేద్దామనుకున్నాను. ఏ చెట్టు దగ్గరికెళ్ళినా మీరు బిందెడు నీళ్ళడిగి, చెట్టు చుట్టూ తిరిగి మొదట్లో పోసి, గొంతుక్కూర్చుని చూస్తూ ఉండేవారు కదా. ఏమిటండీ ఈ పూజ అంటే, "అడుగుతున్నా. జవాబు రానీ" అనేవారు. నేనెంత మురిసిపోయేదాన్నో! మా ఆయన చెట్టు అనుమతి అడగందే గొడ్డలి ఎత్తరని కనపడిన వాళ్ళందరికీ చెప్పాను. మరియమ్మగారికి మరీ వివరంగా చెప్పాను.

బిందె అడిగేసరికి ఆవిడ, "ఇయ్యాల్టికి పోసేశానమ్మా" అన్నారు.

మీరు పోయారని తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడ రోజూ పొద్దున్నే చెట్టు మొదట్లో బిందెడు నీళ్ళు పోస్తున్నారట! మధ్యాహ్నం బియ్యం కడుగు అదనం. నీళ్ళు అటూ ఇటూ పోకుండా ఇంటివైపు ఇటుకలు పేర్చి చక్కగా గట్టు కూడా కట్టించారు. పాస్టరుగారు చూసి, ఏమ్మా, చెట్టుకి మొక్కుతున్నావా అని అడిగారట. "మొక్కు కాదయ్యగారూ, చెట్లాయన గుర్తుకి. ఆయన చేసే పని నేను చేస్తన్నా, అంతే" అన్నారట ఆవిడ. మీకు చుట్టమా పక్కమా చెప్పండి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు ఆ గట్టు లోపలికి చూశాను. పొద్దున పోసిన నీళ్ళు అలాగే నిలబడి ఉన్నాయి. వేలు పెడితే బురదలోకి మొదలంటా దిగిపోయింది. బిందె నింపుకుని అటువైపు, వీధివైపు వెళ్ళి పోశాను. నెర్రెల్లోకి గుటగుటమంటూ దిగిపోయాయి. మళ్ళీ ఇటు వచ్చి చూశాను. నిలబడే ఉన్నాయి.

జవాబు వచ్చిందండీ.

మీరు చేసింది పూజా కాదు, పునస్కారమూ కాదు. ఎటుపక్క నేల ఎండి బిగిసిందో, ఎటుపక్క నాని వదులైందో చూసుకుంటున్నారు! ఇన్నేళ్ళూ నాకు ఒక్క ముక్క చెప్పలేదే... చెప్పే ఉంటారా? నా పూజ కబుర్లలో పడి నేనే వినలేదా? మరియమ్మగారు అంత ప్రేమగా పోసిన నీళ్ళకి ఇంటివైపు రేగడి నాని, చెట్టు అటు కుంగింది. మీ గుర్తే మీ మాటని పడగొట్టబోయింది. నాకు నవ్వాగలేదు. చెట్టు మొదట్లో కూలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. మీరు పోయాక నేను నవ్వడం అదే మొదలు. ఆవిడ పాపం కంగారుపడి మజ్జిగ కలుపుకొచ్చారు.

మీ నీళ్ళవల్లే ఒరిగిందని ఆ తల్లికి ఎలా చెప్పను? "ఇంక చాలమ్మా, ఆయనకి అందాయి" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూశారు. తరవాత ఇటుకలు తనే ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టారు. అర్థమైందనే అనుకుంటాను.

తరవాతంతా మీ పద్ధతే. ఏసోబుకి మీరు చెబుతుండగా నేను వింటూ ఉండేదాన్ని కదా... "ఒరిగినవైపు బరువు తియ్యి. అంతా ఒక్క ఏడే తియ్యమాక. ఈ ఏడు కొంత, వచ్చే ఏడు కొంత. నేలక్కూడా అలవాటవ్వాలి." అదే మేష్టారికి చెప్పాను. ఆయన సరేనన్నారు.

పనిరోజున చీర మీద మీ ఖాకీ చొక్కా తొడుక్కున్నాను. జేబులో వక్కపొడి ఇంకా ఉంది. కాస్త నోట్లో వేసుకున్నాను, మిగతాది అలాగే ఉంచాను. సిటీ బస్సులో కండక్టరు మోకు చూసి లగేజీ టికెట్టు కొట్టాడు. అది మా ఆయనది బాబూ అంటే, ఆయనేడి అని అడిగాడు. పైనున్నాడు అన్నాను. వాడు బస్సు టాపు వైపు చూశాడు!

ఏసోబు పైకెక్కి, మోకుని పై పంగలోంచి తిప్పి, కొయ్యబోయే కొమ్మకి కట్టాడు. నేను రెండో కొసని గేటు పక్కనున్న కొబ్బరిచెట్టుకి రెండు చుట్లు తిప్పి పట్టుకున్నాను. ఆడమనిషి మోకు పట్టిందని వీధిలో సగం మంది బయటికొచ్చారు. సైకిళ్ళు దిగి మరీ చూశారు. చిన్నకొమ్మలు బాగానే దిగాయి. పెద్దకొమ్మ మాత్రం రంపానికి సగం కూడా తెగకుండానే ఫెళ్ళున విరిగి వంటింటి మీదికి ఊగింది. మోకు ఒక్కసారి జారింది. అరచేతులు మండిపోయాయి. ఒదిలేద్దామన్నంత నొప్పి... అప్పుడు మీ మాట వినపడింది. "బరువు చెట్టు మోస్తది సరోజా. నువ్వు ఒదలకుండా ఉంటే చాలు."

ఒదల్లేదండీ.

కొమ్మ పెంకుల మీద మూరెడు ఎత్తున ఆగి, చూరు రాసుకుంటూ మెల్లగా నేలకి దిగింది. పోయింది ఒక్క పెంకు. ఏసోబు పైనుంచి ఈల వేశాడు. వెధవకి అంత సంబరం.

మేష్టారు మళ్ళీ అడిగారు, ఇంక ఫరవాలేదా అమ్మా అని. ముసురు వెళ్ళనివ్వండి, అప్పుడు చెబుతాను అన్నాను. మీరు చేసినట్టే కొమ్మకి దారం కట్టి రాయి వేలాడదీసి, రాయి కింద నేలలో మేకు కొట్టాను. చెట్టు ఇంకా ఒరిగితే రాయి మేకుని దాటుతుంది. మేష్టారికి అది ఎంత నచ్చిందో! రోజూ పొద్దున్నే ముక్కాలిపీట వేసుకుని కళ్ళజోడు సర్దుకుని చూడటమే పని. అడక్కపోయినా తాళ్ళకొట్టుకి కబురు పంపేవారు, రాయి కదల్లేదని. కొట్టువాడు నన్ను చూస్తే చాలు, రాయెలా ఉందండీ అని పలకరించేవాడు.

ముసురు పట్టింది. గాలి బాగా లేచిన రోజున ఉండబట్టలేక రిక్షా మాట్లాడుకుని వెళ్ళాను. మరియమ్మగారు మిరపకాయ బజ్జీలు వేశారు. ముగ్గురం వరండాలో కూర్చున్నాం కానీ ఎవరం బజ్జీ ముట్టలేదు. చెట్టు ఊగిపోతోంది. రాయి ఎటుపడితే అటు కొట్టుకుంటోంది. ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. నేను మిమ్మల్ని తిట్టుకున్నాను. ఇంత మాట ఎందుకిచ్చారండీ అని.

సాయంత్రానికి గాలి పడిపోయింది. మేష్టారు గొడుగు వేసుకుని వెళ్ళి వంగి చూశారు. చాలాసేపు లేవలేదు. చివరికి చెయ్యి ఊపి పిలిచారు. రాయి సరిగ్గా మేకు మీదే నిలబడి ఉంది. గచ్చు కూడా లేవలేదు, తరవాత ఇల్లంతా తిరిగి చూశాను.

మేష్టారు గొడుగు నామీదికి జరిపి, నావైపు చూశారు.

"నేనున్నంతకాలం ఈ చెట్టు మీ ఇంటి మీద పడదండీ మేష్టారూ" అన్నాను.

అనేశాక గానీ నాకు తెలియలేదు, ఎంత మాట అన్నానో. ఇంటికొచ్చి మీ ఫొటో ముందు కూర్చున్నాక తెలిసింది. బజ్జీలు మాత్రం అక్కడ ఆరు తినే వచ్చానులెండి, చల్లారినా సరే.

అన్నయ్యకి రానని రాసేశాను. కోపగించుకుంటాడు, పామర్రు వెళ్ళి ఓ పూట ఉండొస్తే అదే తగ్గుతుంది. కంకిపాడులో ఒక వేపచెట్టు చూడమని పిలిచారు. ఏసోబు, నేనూ వెళుతున్నాం. నీళ్ళు పోసి చూశాకే ఏదైనా చెబుతాను.

ఇంకొక్క మాటండీ. సాయంత్రాలు నేనడిగేదాన్ని కదా, నన్నెప్పుడు తీసుకెళతారని... ఇంక అడగను. నేనున్నంతకాలం అని నేను కూడా మాటిచ్చేశాను, మరి నేనుండాలి కదా? నిద్రగన్నేరుకి ఇంకా బోలెడు వయసుంది. వచ్చే ఏడు మిగతా కొమ్మలు తియ్యాలి. మీరు పిలిచినా ఇప్పట్లో రాను, ఏమీ అనుకోకండి.

అక్కడ ఏదైనా మంచి చెట్టు చూసుకుని, దాని కింద కూర్చోండి. మోకు నేను పట్టుకునే ఉన్నాను.

మీ
సరోజ