బూట్ల మీద తెల్లదుమ్ము

పోర్ట్ ఆరెల్, 1936 మార్చి 3

ఈ దీవి రేవులో కట్టబోయే గోడకి టెండర్లు పిలిచారు. టెండర్ వేసినవాళ్లెవరూ అది తేలేదాకా గవర్నర్ బంగళా గడప తొక్కకూడదు. గెలిచినవాళ్లయితే పని పూర్తయ్యేదాకా తొక్కకూడదు. రూల్ పెట్టింది గవర్నరే, అంటే మా ఆయన రూపర్టే. అంటే, టెండర్ వేసిన, రాళ్ల క్వారీ నడిపే డెల్ఫిన్ లబోర్డ్ ఈ శుక్రవారం భోజనానికి రాదు. కేంబ్రిడ్జిలో చదువుకున్నదాన్ని, నలభై దాటినదాన్ని, ఒకావిడ రాదని ఇంత సంతోషమా? సిగ్గేసింది. సంతోషం మాత్రం తగ్గలేదు.

మార్చి 11

రాయి ఎలాంటిదో చూడాలని రూపర్ట్ క్వారీకి వెళ్లాడు. చూడ్డానికి ఇంజనీరు లేడూ! బూట్ల నిండా తెల్లదుమ్ముతో వచ్చాడు. తుడవనివ్వలేదు. మా వంటావిడ అయోన, "అయ్యగారు రాళ్లు చూడ్డానికెళ్లారా, మొయ్యడానికెళ్లారా అమ్మగారూ?" అంది.

మార్చి 19

లండన్ నుంచి పైవాళ్ల టెలిగ్రామ్ వచ్చింది. పని లండన్ కంపెనీకే ఇవ్వమని సూచన. డెల్ఫిన్‌ది తక్కువ ధర, మంచి రాయి. పైగా మూడు వందలమంది ఊరివాళ్లకి కూలి దొరుకుతుంది. "జీతమిచ్చేది లండన్, నమ్ముకున్నది ఈ దీవి. నువ్వే చెప్పు" అన్నాడు రూపర్ట్. లండన్‌కే ఇమ్మన్నాను. ఆమెకిస్తే ఊరేమనుకుంటుందో చూసుకోమని కూడా అన్నాను.

ఊరేమీ అనుకోవడం లేదు. అనుకుంటున్నది నేను.

మార్చి 20

తప్పు చేశానా?

మార్చి 30

లండన్ కంపెనీకే! సంతకం అయిపోయింది. ఈస్టర్‌కి ఇద్దరం బార్బడోస్ వెళ్దామని చెప్పబోయాను. ఈలోగా ఆయన ఈల వేసుకుంటూ వంటగదిలోకే వెళ్లాడు. శుక్రవారం ఎర్రచేప వండాలట, సీమపనస వేయించాలట, ఒక ప్లేటు ఎక్కువ పెట్టాలట. ఎవరికని అడిగాను. "మిసెస్ లబోర్డ్‌కి. ఇక రూల్ అడ్డు రాదుగా" అన్నాడు.

గోడ పని రెండేళ్లు. ఆమె గెలిచి ఉంటే రెండేళ్లు ఈ ఇంటికి వచ్చేది కాదు. లండనూ దీవీ ఆయన లెక్కలోనే లేవన్నమాట. నాకు తోచలేదు. ఆయనకి తోచింది.

ఏప్రిల్ 3, శుక్రవారం

ఆమె రాలేదు. పిలవడానికి వెళ్లిన డ్రైవర్‌తో కబురు పంపింది. అయోన దాన్ని అచ్చం ఆమెలాగే నడుం మీద చెయ్యేసుకుని చెప్పింది: "పని కోసం వచ్చిన మూడొందలమందిని ఇవాళే ఇంటికి పంపాను. ఇక మీ దొరగారి పక్కన కూచుని చేపముళ్లు ఏరుకోమంటావా? పోవయ్యా!"

రూపర్ట్ ఇంకా కిటికీ దగ్గరే నిలబడి రోడ్డు వంక చూస్తున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా కోసం ఒక్కసారి కూడా అలా నిలబడలేదు.

ఏప్రిల్ 4

ఆ బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి, దుమ్ముతోనే. తొడుక్కుని వరండాలో అటూ ఇటూ నడిచాను. అయోన చూసింది. తుడిచే గుడ్డ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.