అమ్మ కుడిచేతి ముద్ర

అన్నా,

నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ మనమూ కలిసి వేసే మొదటి ఓటు, నువ్వు చూడకుండానే కన్నుమూసిన ఆ ఓటు, ఈరోజు అమ్మ వేసింది. మన అవోకా పేటలో బడి ముందు పొద్దున్నుంచీ వరసలో నిలబడి, పక్కనున్న జులూ ముసలమ్మకి తన గొడుగులో చోటిచ్చింది. "పెద్దోడికోసం వేస్తన్నాను" అని అందరికీ నీ గురించే చెప్పింది.

లోపల ఒకమ్మాయి అమ్మ కుడిచేతి మీద ఏదో మందు చల్లింది. దానికి రంగు లేదు. ఎవరూ రెండోసారి ఓటేయకుండా నీలం దీపం కింద పెట్టి చూస్తారట, అప్పుడు వెలుగుతుందట. అమ్మ చెయ్యి లాక్కునేలోపే అయిపోయింది.

ఇంటికొచ్చి సబ్బుతో తోముతూనే ఉంది.

"కుడిచేతి మీద ముద్రరా. మృగం ముద్ర. దీంతో పెద్దోడి దగ్గరికి నన్ను రానిస్తారా?"

మన ప్రార్థనలు జరిగే కారు షెడ్డులో ఆదివారాలు, మృగం ముద్ర పడ్డవాళ్ళకి పరలోకం లేదనే బైబిలు ప్రకటన గ్రంథం చదివి వివరించింది నువ్వు. మృగమంటే జంతువు కాదు, ముద్రంటే సిరా కాదు, మనసు ఎవరికి మొక్కుతుందో అదే ముద్ర అనేవాడివి. ఆ మాటలే నేనూ చెప్పాను. నా నోట అవి సర్దిచెబుతున్నట్టే వినిపించాయి.

"వాడుంటే చెప్పేవోడు" అంది.

బాప్తిస్మం నాడు నుదుటి బొట్టు కొంగుతో తుడిచేసుకున్న మనిషి. ఇప్పుడు ఎర్రగా కందిన చెయ్యి నా ముందు చాపింది.

"బొట్టు పోతే అద్దంలో కనబడింది. ఇది పోయిందో లేదో ఎలా తెలుస్తాదిరా?"

ఆ చెయ్యి పట్టుకుని చూస్తూనే ఉన్నానన్నా. నాకేమీ కనబడటం లేదు.