ఎర్ర సిరా చదవొద్దు

జనవరి 11

బావ గొంతుకు ఆపరేషన్ అయింది. ఇక మాట రాదని డాక్టరు చెప్పాడట. చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. అయ్యో అన్నాను. ఫోన్ పెట్టేశాక కాసేపు కూర్చుని చూశాను. బాధ రాలేదు. మా టౌన్‌హాలు చెవులకు కాస్త తెరిపి అనిపించింది. పాపపు మాట. ఎవరికీ చెప్పను కనక ఇక్కడ రాస్తున్నాను.

జనవరి 14

టౌన్‌హాల్లో మైకు ఆపరేటర్ని నేను. నలభై మూడేళ్లుగా ఇదే పని. ఈ ఊళ్లో మాట్లాడిన ప్రతివాడి గొంతూ నా చేతి కింద నుంచే బయటికి వెళ్లింది. ఒక్కడి మీదా గౌరవం మిగల్లేదు.

మైకు దగ్గరికి వచ్చిన మనిషి ముందు దాన్ని వేలితో కొడతాడు. నేను అప్పుడే చూసి ఇచ్చిన మైకు. అయినా కొడతాడు. తర్వాత, రెండే రెండు మాటలు చెప్పి ముగిస్తానంటాడు. అక్కడ నేను టీకి లేస్తాను. సంతాప సభయితే పోయినవాడి గురించి మూడు మాటలు, తన గురించి ముప్పై. రిటైర్మెంట్ సభయితే పదిహేనేళ్లు మొహాలు చూసుకోని వాళ్లు గంటసేపు అన్నదమ్ములు.

వీళ్లందరికీ పెద్ద మా బావ. ప్రారంభోత్సవం, సంతాపం, రోడ్డు భద్రత, ఏదైనా సరే. మైకు కనబడితే ఆయన కాళ్లు ఆయన మాట వినవు. చాలా ఏళ్ల కిందట రక్తదానం మీద మాట్లాడి ఒక్క పూటలో డెబ్భై మందిని కుర్చీల్లోంచి లేపాడు. మొట్టమొదట లేచింది మా చెల్లెలు. ఆ రోజు ఆయనకు మధ్యలో దగ్గొచ్చి మాట ఆగింది. నేనే నీళ్లు పంపించాను. సభ అయ్యాక అందరూ వరసలో నిలబడ్డారు. బావ మాత్రం కారెక్కాడు. సూది చూస్తే ఆయనకు కళ్లు తిరుగుతాయి.

ఇంకొకటి. మాట్లాడేటప్పుడు బావ మధ్యలో చూస్తాడు, కుడి పక్క చూస్తాడు, బాల్కనీ చూస్తాడు. ఎడమ పక్క చూడడు. ఎడమ పక్క మూడో వరసలో, ఫ్యాను కింద, మా చెల్లెలు కూర్చుంటుంది. పెళ్లయినప్పటి నుంచీ అదే కుర్చీ. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ ఆమె ఊసు మైకులో రాలేదు. మున్సిపల్ చైర్మన్ గారి కుక్క పేరు వచ్చింది. రెండుసార్లు.

జనవరి 22

బావను చూడ్డానికి వెళ్లాను. గొంతుకు తెల్లటి కట్టు. చేతిలో పలక, చిన్నపిల్లల పలక. సుద్దముక్కతో రాసి మన మొహం ముందు పెడతాడు. చదివామో లేదో చూస్తాడు. చప్పట్ల కోసం ఆగినట్టే ఆగుతాడు.

హాలు కమిటీ ఆయనకు ఫిబ్రవరి 20న సన్మానం పెట్టిందట. బదులు మాట్లాడాలి కదా. నువ్వు చదవాలి అని రాశాడు.

నేనా అన్నాను. నలుగురిలో నా పేరు అడిగితేనే నాకు చెమటలు పడతాయి. చాలామంది ఉన్నారు కదా బావా అన్నాను. తుడిచి మళ్లీ రాశాడు. వాళ్లు నా కాగితం మారుస్తారు, నువ్వు మార్చవు.

వెధవ మాట. కానీ సరిగ్గా తగిలేచోట కొట్టాడు. ఇదే ఆయన పని.

జనవరి 25

కాగితాలు ఇచ్చాడు. తొమ్మిది పేజీలు. కొత్తగా రాసింది రెండే. మిగతావి పాత స్పీచుల నుంచి తీసి గుచ్చాడు. నాలుగో పేజీ ఎవరో హెడ్మాస్టరు రిటైర్మెంట్‌ది. హెడ్మాస్టరు అన్నచోట కొట్టేసి 'నేను' అని పెట్టుకున్నాడు. ఏడో పేజీ పసుపు పచ్చగా పండిపోయింది, ముట్టుకుంటే పొట్టు రాలుతోంది.

మాటలు నీలం సిరాతో. ఎడమ మార్జిన్‌లో సన్నగా ఎర్ర సిరా. ఎర్రది ఎందుకని అడిగాను. పలక మీద రాశాడు. నీలం జనానికి, ఎర్రది నాకు. ఎర్ర సిరా చదవొద్దు.

చదవను అన్నాను. చూడాలని కూడా లేదు. ఎవడి వంటింట్లోకి వాడు పిలవనిదే వెళ్లకూడదు.

జనవరి 27

చెల్లెలు వచ్చింది. టీ ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చుంది, తాగలేదు.

అన్నయ్యా, ఆ కాగితాల్లో నేనున్నానా అంది.

ఇంకా చివరిదాకా చదవలేదన్నాను. నిజానికి నాలుగుసార్లు చదివాను. కమిటీ ఉంది, చైర్మన్ ఉన్నాడు, హాలు వాచ్‌మన్ ఉన్నాడు, ఆపరేషన్ చేసిన డాక్టరు ఉన్నాడు. తను లేదు.

నా మొహం చూసి తెలుసుకున్నట్టుంది. కుర్చీలు వేసినవాళ్లకు కూడా థాంక్స్ చెప్పిన నోరు కదన్నయ్యా అంది. ఆయన ఉప్మాలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా మూడు పాయింట్లు చెప్పే మనిషి, నా గురించి ఒక్క పాయింటు దొరకలేదా అంది. ఇదే ఆఖరిది. ఇందులో కూడా నేను లేకపోతే ఇంక ఆ ఇంట్లో ఉండను. నీ ముందు గది ఖాళీగానే ఉందిగా, సంచి సర్దుకుని హాలుకే తెచ్చుకుంటాను, సభ అవగానే నీతో వచ్చేస్తాను అంది.

అరవలేదు, ఏడవలేదు. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు చెప్పింది. అందుకే భయమేసింది.

జనవరి 28

ముందు గది ఊడ్చాను.

ఫిబ్రవరి 2

బావ పాఠాలు మొదలెట్టాడు. రోజూ నాలుగింటికి వెళ్లాలి.

ముందు నవ్వించు. తర్వాత భయపెట్టు. చివర దారి చూపించు. ఇది జనాన్ని ఒప్పించడానికి. సన్మానానికయితే వేరట. నిన్ను నువ్వు తగ్గించుకో, కానీ నమ్మేంత తగ్గించుకోకు. కథతో మొదలుపెట్టు, నీతితో ఆపు. ఒక మనిషి కళ్లలోకి చూసి ఒక వాక్యం, ఇంకో మనిషి కళ్లలోకి చూసి ఇంకో వాక్యం.

సుద్దపొడి మొహం మీద పడుతుంటే నిలబడి చదువుకున్నాను. దొంగ తన కొడుక్కి తాళాలు తీయడం నేర్పుతున్నట్టుంది. ఇన్నేళ్లూ ఇదంతా ఆయనకు పుట్టుకతో వచ్చిన తీట అనుకున్నాను. కాదు. లెక్కగా చేశాడు. అసహ్యం ఇంకా పెరిగింది.

ఫిబ్రవరి 6

ధైర్యం చేశాను. బావా, చెల్లెలి గురించి ఒక ముక్క పెట్టొచ్చుగా అన్నాను.

పలక రెండు వైపులా తుడిచి సుద్దముక్క తీశాడు. ఏదో పెద్దదే రాస్తాడనుకున్నాను. సభ వేరు, ఇల్లు వేరు అని రాశాడు.

అంతేనా అన్నాను.

పలక బోర్లించి కిటికీ వైపు తిరిగాడు. మాట ఉన్నప్పుడు గంటన్నర, మాట పోయాక నాలుగు ముక్కలు. రెండింటిలోనూ చెల్లెలు లేదు.

ఫిబ్రవరి 9

చదువుతుంటే కళ్లు ఎర్ర సిరా మీదికి పోతున్నాయి. ఇది ఈనాటి జబ్బు కాదు. మా పల్లెటూరి బడిలో ఐదు తరగతులకూ ఒకే గది, ఒకే అయ్యవారు. పైకి చదివితే కాగితం మీదున్న ఏదీ వదలకూడదు. పాఠం కింద అచ్చయిన పేజీ నంబరు కూడా చదవాలి. ఒక్క ముక్క వదిలితే మళ్లీ మొదటి నుంచి. నేను చదువుకున్నది ఆ ఐదేళ్లే. అది తప్ప ఇంకో రకం చదవడం నాకు తెలియదు.

క్యాలెండరు అట్ట నిలువుగా కత్తిరించాను. దాన్ని మార్జిన్ మీద పెడితే ఎర్రది కనబడదు. ఇప్పుడు బాగానే ఉంది.

ఫిబ్రవరి 15

ఒక పని చేశాను. చివరి పేజీ అడుగున పెన్సిల్‌తో నేనే ఒక వాక్యం రాశాను. చెల్లెలి గురించి.

మూడు రోజులు పట్టింది. నా విజయం వెనక నా భార్య ఉంది అని రాసి చెరిపాను. ఇలాంటిది కనీసం రెండొందల సార్లు విన్నాను. ఆమె లేనిదే నేను లేను అని రాసి చెరిపాను. నా జీవితానికి వెలుగు అని రాసి, వాంతి వచ్చి, చెరిపాను. చివరికి, ఇన్నేళ్లూ విన్న నా భార్యకు కృతజ్ఞతలు అని ఉంచాను.

ఇదీ స్పీచే. అబద్ధం కూడా. కృతజ్ఞత ఆయనది కాదు, నా పెన్సిల్‌ది. నువ్వు మార్చవు అన్నాడు కదా. మార్చాను. బావ ఇంటి చుట్టూ తిరిగీ తిరిగీ నాకూ అంటుకుంది.

ఫిబ్రవరి 20, ఉదయం

మైకులు చూశాను. రెండూ బాగున్నాయి. మనిషే బాగాలేడు.

ఫిబ్రవరి 20, సాయంత్రం 6

ఇంటికొచ్చాను. చొక్కా కూడా మార్చలేదు. ముందు ఇది రాస్తాను.

హాలు నిండింది. బావ స్టేజీ మీద, మెడకు మఫ్లరు, ఒళ్లో పలక. చెల్లెలు మూడో వరసలో ఫ్యాను కింద. కాళ్ల దగ్గర సంచి. పెద్ద సంచే. జిప్పు పట్టక తాడుతో కట్టింది.

కమిటీ సెక్రటరీ నన్ను పిలిచాడు. నడిచాను. మైకు ముందు నిలబడి దాన్ని వేలితో కొట్టాను. నేను. ప్రొద్దున నేనే చూసిన మైకును.

అది కాస్త కిందికి ఉంది. అలవాటు కొద్దీ వంగి స్టాండు మర తిప్పాను. లేచేసరికి కాగితం మీది అట్టముక్క జారి స్టేజీ ముందు పడింది. వంగి తీసుకోవాలంటే స్టేజీ దిగాలి. అంతమంది ముందు దిగలేను. తల ఖాళీ అయింది. బడిలో నిలబడ్డట్టు నిలబడి చదవడం మొదలుపెట్టాను.

ఒకటో పేజీ అన్నాను. సభకు నమస్కారం అన్నాను. చిరునవ్వు, పళ్లు కనపడొద్దు అన్నాను.

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఏమైందో నాకు తెలుసు. ఆగడం నా వల్ల కాలేదు. ఆగితే మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఇక్కడ ఆగు, నాలుగు అంకెలు లెక్కపెట్టు అని చదివాను. నీళ్లు తాగు, దాహం లేకపోయినా తాగు అని చదివాను. చైర్మన్ని పొగుడు, హాలుకు ఫ్యాన్లు రావాలి అని చదివాను. చైర్మన్ కూడా నవ్వాడు, ఇంకేం చేస్తాడు. నాలుగో పేజీలో, గొంతు వణికించు, ఎక్కువైతే నాటకం అవుతుంది అని చదివేసరికి హాలంతా గొల్లుమంది. బాల్కనీలో కాళ్లు నేలకేసి కొడుతున్నారు. నా వెనక బావ పలక మీద ఆపు అని రాసి ఎత్తి పట్టుకున్నాడట. నాకు వీపు వెనక కళ్లు లేవు. జనానికి మాత్రం అది కూడా కనబడింది. ఇంకా నవ్వారు.

నలభై మూడేళ్లుగా వీళ్ల బండారం బయటపడాలని కోరుకున్నాను. పడింది. నా నోటితోనే. సంతోషంగా ఉండాల్సింది.

ఏడో పేజీ తిప్పాను. పసుపు పచ్చ కాగితం. ఎర్రది వెలిసి గోధుమ రంగయింది. కళ్లు చికిలించి చదివాను.

ఎడమ పక్క చూడకు. మూడో వరస, ఫ్యాను కింద ఆమె ఉంటుంది. రక్తదానం రోజు చూశావు, మాట పడిపోయింది. జనం దగ్గు అనుకున్నారు. ఈసారి అనుకోరు. ఆమె సంగతి ఎత్తకు. ఎత్తితే ఆ రోజు స్పీచ్ అక్కడితో సరి.

నవ్వు తెగిపోయింది. మెయిన్ స్విచ్ తీసేస్తే స్పీకరు ఆగినట్టు. జనమంతా ఎడమ పక్కకు తిరిగారు. చెల్లెలు కళ్లద్దాలు తీసి తుడిచింది, పెట్టుకుంది, మళ్లీ తీసింది. కాలితో సంచిని కుర్చీ కిందికి తోసింది. ఎవరూ చూడకూడదన్నట్టు.

మిగతా రెండు పేజీలూ చదివాను. ఎవరైనా విన్నారో లేదో. చివరి పేజీ అడుగున నా పెన్సిల్ వాక్యం ఉంది. చూశాను. చదవలేదు. కాగితం మీదున్న ముక్క నేను వదలడం జీవితంలో ఇదే మొదటిసారి. చెయ్యి మీద అయ్యవారి బెత్తం ఎక్కడ పడుతుందా అని చూశాను కూడా.

వెనక్కి తిరిగితే బావ కుర్చీలో లేడు. మెట్లు దిగి మూడో వరసకు వెళ్లాడు. కుర్చీ కిందికి చెయ్యి పెట్టి సంచి లాగాడు. బరువుకు ఒక పక్కకు ఒరిగాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన చేతిలో మైకు తప్ప బరువేదీ నేను చూడలేదు. పలక స్టేజీ మీదే వదిలేశాడు. చెల్లెలు నా వైపు చూడకుండా ఆయన వెనక నడిచింది.

అంత చేసినా స్పీచ్ మాత్రం చెత్త. అది మాత్రం రాసి పెట్టాలి.

ఫిబ్రవరి 21

ఫోన్ రాలేదు.

ఫిబ్రవరి 24

సెక్రటరీ వచ్చాడు. ఈ నెలలో ఇంత మంచి ప్రోగ్రాం లేదన్నాడు. ఎర్ర సిరా చదవడం ముందే అనుకున్నదా, భలే రక్తి కట్టించారండీ అన్నాడు. వచ్చే నెల తన పుస్తకావిష్కరణలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నాడు. తలుపేసుకున్నాను.

మార్చి 1, ఉదయం

చెల్లెలు వచ్చింది. చేతిలో అదే సంచి, తాడు కట్టింది. ముసలాడు మళ్లీ ఏదో రాసి చెడగొట్టుంటాడు అనుకున్నాను. ముందు గది తలుపు తీశాను.

తను గదిలోకి వెళ్లలేదు. నేల మీద కూర్చుని తాడు విప్పింది. సంచిలో బట్టలు లేవు. కాగితాల కట్టలు. పెళ్లయిన ఏడాది నుంచి పోయిన ఏడాది దాకా ఆయన స్పీచులన్నీ. దారంతో కట్టి, పైన ఏ ఏడాదివో రాసి ఉన్నాయి.

నువ్వు చదువు అన్నయ్యా అంది. నీలం వద్దు, ఎర్రది ఒక్కటే. ఆయనకా గొంతు లేదు, నేనా అద్దాలు తెచ్చుకోలేదు అంది.

అద్దాలు మెడలో వేలాడుతున్నాయి.

గుమ్మం బయట బావ నిలబడి ఉన్నాడు, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు.

మార్చి 9

ఆరో కట్టలో ఉన్నాం. నీళ్లు తాగు అని వచ్చిన చోటల్లా బావ గ్లాసు అందిస్తున్నాడు. తాగుతున్నాను.