ఫైలు లేని ఇద్దరం

జూన్ 3, మంగళవారం

మచ్చ చూపించేశాను. ఇక దాని గురించి అనుకోకూడదు.

మా అమ్మాయి పోరు పడలేక చూపించాను. వెనక, భుజం కింద, నాకు కనపడని చోట ఉంది. పోయినేడు మిరియపు గింజంత ఉండేదట. ఇప్పుడు బఠాణీ అంత అయిందట, అంచులు వంకరగా ఉన్నాయట. పదో క్లాసు పిల్ల. ఇంటర్నెట్‌లో ఏదో చదివి వారం రోజులుగా నా ప్రాణం తోడేస్తోంది.

మా క్లినిక్‌లో స్పెషలిస్టులు ఐదుగురు, గదులు నాలుగు. ఆ ఐదుగురూ నాలుగు గదుల కోసం కొట్టుకోకుండా చూడటమే పదకొండేళ్లుగా రిసెప్షన్‌లో నా ఉద్యోగం. చర్మం డాక్టరు గారు మంగళ, శుక్రవారాలే వస్తారు. ఇద్దరు పేషెంట్ల మధ్య ఖాళీలో డ్రెస్సింగ్ రూమ్‌కి వచ్చి చూశారు. నవ్వుతూ వచ్చిన మనిషి చూశాక నవ్వలేదు. చిన్న ముక్క తీసి టెస్టుకి పంపిద్దాం అన్నారు.

అక్కడే దూదక్క ఉంది. మా డ్రెస్సింగ్ నర్సు. ఎప్పుడు చూసినా చేతిలో దూది ఉండటం వల్ల ఆ పేరు స్థిరపడిపోయింది. ఎలాగూ కత్తి బయటికి తీశారు కదా, నా పిక్క మీద మచ్చ కూడా చూడండి అంది. ఎనిమిది నిమిషాల్లో ఇద్దరికీ అయిపోయింది. చెరో రెండు కుట్లు.

మాకు ఫైలు తియ్యరు. స్టాఫ్‌కి ఫైలేమిటి, మనింట్లోకి మనం బెల్లు కొట్టి వెళ్తామా అంటుంది దూదక్క. ఎముకల డాక్టరు నా మోకాలు మెట్ల మీదే చూశారు. కంటి డాక్టరు టీ తాగుతూ నా కళ్లు చూశారు. అదంతా మాకు గొప్ప. తీసిన ముక్కలు వేసిన సీసాల మీద చీటీలు దూదక్కే అంటించింది. పేషెంట్లకైతే పేరు, ఫైలు నంబరు, ఒంట్లో ఏ చోటు అన్నీ రాయాలి. మాకు రెండే మాటలు. స్టాఫ్, ఆడ. రెండు సీసాల మీదా అదే.

జూన్ 6, శుక్రవారం

కట్టు మారుస్తూ దూదక్క, ఏమే పిల్లా, చీమ కుట్టినదానికి ఇంత ఏడుపా అని వీపు మీద ఒకటి వేసింది, కుట్లు తప్పించి.

జూన్ 13, శుక్రవారం

పది రోజులయ్యాయి. మా క్లినిక్ రూలు ఏమిటంటే, పది రోజుల్లో ఫోన్ రాకపోతే అంతా బాగున్నట్టే. గోడ మీద బోర్డు కూడా పెట్టాం.

నాకు ఫోన్ రాలేదు. అంతా బాగున్నట్టే.

మధ్యాహ్నం అన్నం తింటుంటే తట్టింది. ఆ ఫోన్లు చేసేది నేనే కదా. నాకెవరు చేస్తారు? ముందు నవ్వొచ్చింది. తర్వాత డబ్బా మూసేశాను.

జూన్ 14, శనివారం

కౌంటర్ కింద ఒక అట్టపెట్టె ఉంది. ఫైలు నంబరు లేకుండా ల్యాబ్ నుంచి వచ్చిన కాగితాలన్నీ అందులో పడతాయి. నెలాఖరు శనివారం నేనే ఖాళీ చేస్తాను. ఇంకా రెండు వారాలుంది.

కాలితో లోపలికి నెట్టేశాను.

జూన్ 17, మంగళవారం. మధ్యాహ్నం 1.40

తీశాను. డాక్టర్లందరూ భోజనానికి వెళ్లాక, షట్టర్ సగం దించి తీశాను.

రెండు కాగితాలు. ఒకే తేదీ. రెండింటిలోనూ పేరున్నచోట స్టాఫ్, ఆడ. ఒంట్లో ఏ చోటు అన్నదానికి ఎదురుగా, రాయలేదు అని టైపు చేశారు. వయసు దగ్గర గీత.

ఒకదాంట్లో మామూలు పుట్టుమచ్చ.

ఇంకోదాంట్లో మెలనోమా, చర్మం క్యాన్సర్. వెంటనే చుట్టూ వెడల్పుగా తీసెయ్యాలి అని రాసి, దాని కింద గీత గీసి ఉంది. ల్యాబ్ నుంచి వచ్చిన తేదీ జూన్ 9. ఎనిమిది రోజులు నా కాళ్ల దగ్గరే ఉంది.

ఏది ఎవరిదో తెలియదు.

అదే రోజు, సాయంత్రం 5

నిజం రాస్తాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

ఆ రెండో కాగితం దూదక్కదై ఉండాలని కోరుకున్నాను. ఒక్కసారి కాదు, గంటసేపు. ఆవిడకి యాభై ఏడు, నాకు నలభై ఒకటి. ఆవిడ పిల్లలు ఎవరి బతుకులు వాళ్లు బతుకుతున్నారు, నా పిల్ల పదో క్లాసు. ఇలా ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోయాను. నాలో ఇంత చెడ్డ మనిషి ఉందని నాకు తెలియదు.

చర్మం డాక్టరు గారు పక్క గదిలోనే ఉన్నారు. లేచి పది అడుగులు వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. రెండు కాగితాలూ మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

జూన్ 18, బుధవారం

అక్క తన డబ్బాలో సగం నాకు పెట్టింది. చిక్కిపోయావేం అంది. తిన్నాను.

జూన్ 19, గురువారం

మా ఆయన అద్దం ముందు నిలబెట్టి ఫోన్ లైటు వేసి నా వీపు చూశాడు. ఏమీ లేదు, కుట్లు మానిపోయాయి అన్నాడు. మిగిలిన మచ్చ సంగతి అడిగితే అలాగే ఉంది అన్నాడు. అప్పుడు చెప్పేశాను, కాగితాల సంగతి. దూదక్క విషయంలో నేను కోరుకున్నది మాత్రం చెప్పలేదు.

ఫోన్ లైటు ఆపి మంచం అంచున కూర్చున్నాడు. పేషెంట్లందరి ఫైళ్లూ చూసేదానివి, నీ ఫైలు ఏదే అని అడిగాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

ఒళ్లంతా చెవులు చేసుకుని నా వీపు వింటున్నాను. దురద పెడితే భయం, పెట్టకపోతే భయం.

జూన్ 20, శుక్రవారం

చెప్పేశాను. పొద్దున్నే, మొదటి టోకెన్ పిలవకముందే, చర్మం డాక్టరు గారి గదిలోకి దూదక్కని చెయ్యి పట్టి తీసుకెళ్లి రెండు కాగితాలూ టేబుల్ మీద పెట్టాను.

డాక్టరు గారు చదివి కళ్లజోడు తీసేశారు. ముందు నా మీద అరిచారు, తర్వాత దూదక్క మీద. ఆ తర్వాత, మిమ్మల్ని కాదు నన్ను నేను తిట్టుకోవాలి, ఫైలు లేకుండా వైద్యం చేసింది నేనే అన్నారు. ల్యాబ్‌కి ఫోన్ చేశారు. వాళ్ల దగ్గర ముక్కలు జాగ్రత్తగానే ఉన్నాయి, కానీ రెండింటి మీదా అదే రాత. ఎవరిదేదో వాళ్లు చెప్పలేరు. తీసింది చిన్న ముక్కే కాబట్టి మచ్చలు ఇంకా మా ఒంటి మీదే ఉన్నాయి. ఇద్దరిదీ చెడ్డదే అనుకుని పెద్దాసుపత్రిలో పూర్తిగా తీయించాలి, ఈసారి టెస్టులో తేలుతుంది అన్నారు.

బయటికి వచ్చాక అక్క ఒకే మాట అడిగింది. నీకు ఎప్పుడు తెలుసు అని. మంగళవారం అన్నాను.

తెలిసీ రెండు రోజులు నా డబ్బాలో తిన్నావు అంది. అంతే. లోపలికి వెళ్లి దూది చుట్టుకుంటూ కూర్చుంది. సాయంత్రం దాకా నన్ను పిల్లా అని పిలవలేదు.

రెండు కొత్త ఫైళ్లు తీశాను. పేరు, వయసు, ఒంట్లో ఏ చోటు. అక్క వయసు దగ్గర యాభై ఏడు అని నేనే రాశాను.

జూన్ 25, బుధవారం

అయిపోయింది. పెద్దాసుపత్రిలో పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు. నేను బోర్లా, అక్క పక్కకి తిరిగి. మత్తు సూది వేసేముందు అక్క నా చేతికి కట్టిన పట్టీ మీద పేరు చదివింది, తన పట్టీ మీద పేరు చదువుకుంది. నర్సుని పిలిచి రెండూ మళ్లీ పైకి చదివించింది.

అప్పుడు నేను చెప్పాను, నీదై ఉండాలని కోరుకున్నానక్కా అని. ఎందుకు చెప్పానో తెలియదు. భయంతో నోరు ఆగలేదు.

నాకు తెలుసులే పిల్లా, నేనూ అదే కోరుకునే పనిలో ఉన్నాను అంది.

ఇద్దరం ఏడ్చాం. కాసేపయ్యాక ఇద్దరం నవ్వాం.

జూన్ 28, శనివారం

నేను చెయ్యి ఎత్తకూడదు, రెండు వారాలు ఇంట్లోనే. అక్క నిలబడకూడదు. అందుకని సోమవారం నుంచి నా కుర్చీలో ఆవిడ కూర్చుంటుంది. కాలు స్టూల్ మీద పెట్టుకుని రిసెప్షన్ చేస్తుందట. పెద్దాసుపత్రి నుంచి మా ఇద్దరి రిపోర్టులూ అక్కడికే వస్తాయి.

ఈరోజు మా ఇంటికి వస్తే ఫోన్ పని నేర్పించాను. రిపోర్టు బాగుంటే నీ ఇష్టం, జోకులు వేసుకో. బాగోకపోతే మాత్రం ఒకే వాక్యం. డాక్టరు గారు ఒకసారి రమ్మన్నారండీ. ఇంకేమీ అనకూడదు. అవతల ఎంత తెలిసినవాళ్లైనా, సొంత తమ్ముడైనా సరే, అండీ తప్పనిసరి. చనువుగా మాట్లాడితే గొంతు పట్టిచ్చేస్తుంది. సీరియస్సా అని అందరూ అడుగుతారు. అది డాక్టరు గారే చెబుతారండీ అనాలి.

అక్క పడీ పడీ నవ్వింది. తన జన్మలో తనకంటే చిన్నవాళ్లని అండీ అనలేదట. పదిసార్లు పలికించాను. పదోసారి కూడా, రమ్మన్నారే పిల్లా అనే వచ్చింది.

జూలై 1, మంగళవారం

ఫోన్ రాలేదు.

జూలై 3, గురువారం

ఫోన్ రాలేదు. మా అమ్మాయి స్కూలుకి వెళ్తూ నా ఫోన్‌కి చార్జింగ్ పెట్టి, సౌండ్ పూర్తిగా పెంచి వెళ్లింది. రెండుసార్లు అక్కకి నేనే చేద్దామని నంబరు తీశాను. పేషెంట్లు అలా చేస్తే నాకు ఎంత చిరాకో గుర్తొచ్చి పెట్టేశాను. వాళ్లందరికీ ఇప్పుడు క్షమాపణ చెప్పుకోవాలనిపిస్తోంది, ఒక్కొక్కరికీ, ఫైలు నంబరు వరసన.

జూలై 4, శుక్రవారం. ఉదయం 11.20

దూదక్క ఫోన్ చేసింది.

డాక్టరు గారు ఒకసారి రమ్మన్నారండీ అంది.

సీరియస్సా అక్కా అని అడిగాను.

అది డాక్టరు గారే చెబుతారండీ అంది. ఒక్క తప్పు కూడా లేకుండా పలికింది.